సెలక్షన్ లేదు, వచ్చి వాయించండి!

పోస్టు: ట్యూబా వాద్యకారుడు. ఖాళీలు: 1. తర్వాతి నోటిఫికేషన్: ఇప్పుడున్నాయన రిటైరయ్యాక.

ప్రకటన నేను సరదాకి రాసిందే కానీ, విషయం నిజం. పాశ్చాత్య సంగీతంలో పెద్ద సింఫనీ ఆర్కెస్ట్రా అంటే ఎనభై, తొంభై మంది ఉంటారు. వయొలిన్లు వాయించేవాళ్లే ముప్ఫై మంది దాకా ఉండొచ్చు. ట్యూబా వాయించేది మాత్రం మామూలుగా ఒక్కరే. ఆ కుర్చీలో కూర్చున్న మనిషి ఇరవై, ముప్ఫై ఏళ్ల దాకా లేవకపోవచ్చు. లేచిన రోజున దేశం నలుమూలల నుంచీ అభ్యర్థులొస్తారు. చాలాచోట్ల తొలి రౌండ్లలో మధ్యలో తెర కడతారు. వాయించేదెవరో తెలియకుండానే వడపోత జరుగుతుంది. చివరికి ఒక్కరు ఎంపికవుతారు. మిగతావాళ్లు వాద్యాన్ని పెట్టెలో సర్దుకుని ఇంటికెళ్లిపోతారు. గ్రూప్స్‌కి చదువుతున్నవాళ్లకి ఈ కథ ఎక్కడో విన్నట్టే అనిపిస్తుంది.

నాకు ఆసక్తి ఆ ఎంపికైన ఒక్కరి మీద కాదు. మిగతావాళ్లు ఏం చేస్తారన్న దాని మీద. అమెరికాలో వాళ్లు ఏటా డిసెంబర్‌లో ఒక పని చేస్తారు. దాని పేరు 'ట్యూబాక్రిస్మస్'. ఉద్యోగాల వేటలో ఉన్న మనకి అందులో పనికొచ్చే సంగతి ఒకటి ఉందని నా అభిప్రాయం.

వెనక వరస వాద్యం

ముందు ఈ వాద్యాల సంగతి. మన పెళ్లి ఊరేగింపులో బ్యాండు గుర్తుచేసుకోండి. క్లారినెట్, ట్రంపెట్ పాట ఎత్తుకుంటాయి. అందరి కళ్లూ వాళ్ల మీదే. వెనకాల పెద్ద గొట్టం మోస్తూ 'భోం... భోం' అని ఊదే మనిషిని ఎవరూ పట్టించుకోరు. కానీ ఆయన ఆగితే పాట నిలబడదు. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే అది బ్యాక్ ఎండ్. నడిచినంత కాలం ఎవరికీ గుర్తురాదు, ఆగిన రోజున అందరికీ అదే గుర్తొస్తుంది.

ఈ కింది స్థాయి ఇత్తడి వాద్యాల్లో ట్యూబా అన్నిటికన్నా పెద్దది. దానికన్నా చిన్నవి యుఫోనియం, బారిటోన్. భుజానికి చుట్టుకుని నడుస్తూ వాయించేది సౌసాఫోన్. ట్యూబాకి బెర్లిన్‌లో 1835లో పేటెంట్ వచ్చింది. మామూలుగా వాడే పెద్ద రకంలో మెలికలన్నీ విప్పి సాగదీస్తే గొట్టం సుమారు 18 అడుగులు ఉంటుంది. ఇంత పెద్ద వాద్యానికి ముందు వరసలో చోటు దొరకడానికి చాలా కాలం పట్టింది. పేరున్న స్వరకర్త రాల్ఫ్ వాన్ విలియమ్స్ దీన్ని ప్రధాన వాద్యంగా పెట్టి కన్‌చెర్టో రాసింది 1954లో. అంటే పుట్టిన 119 ఏళ్లకి!

మాస్టారి పుట్టినరోజు

ట్యూబాక్రిస్మస్ మొదలుపెట్టింది హార్వీ ఫిలిప్స్. 1929లో మిస్సోరీ రాష్ట్రంలోని అరోరా అనే చిన్న ఊళ్లో పుట్టారు. కుర్రతనంలో సర్కస్ బ్యాండులో వాయించారు. తర్వాత న్యూయార్క్‌లో పెద్ద చదువు చదివారు. అక్కడ ఆయన గురువు విలియం బెల్, న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌లో ట్యూబా వాద్యకారుడు. బెల్ తర్వాత ఇండియానా యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. 1971లో ఆయన వదిలిన కుర్చీలోకి శిష్యుడే వచ్చారు.

ఆ గురువు పుట్టింది 1902లో, సరిగ్గా క్రిస్మస్ రోజున. ఆయన జ్ఞాపకార్థం ఏదైనా చేయాలనుకున్నారు ఫిలిప్స్. విగ్రహం పెట్టలేదు, అవార్డు ప్రకటించలేదు. 1974 డిసెంబర్ 22న న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సెంటర్‌లోని ఐస్ రింక్‌కి రమ్మని ట్యూబా వాయించేవాళ్లందర్నీ పిలిచారు. మూడు వందల మందికి పైగా వచ్చారు. క్రిస్మస్ పాటల్ని కేవలం ఈ వాద్యాల కోసమే స్వరకర్త ఆలెక్ వైల్డర్ తిరగరాసి ఇచ్చారు. పాల్ లావాల్ కండక్టర్‌గా నిలబడ్డారు.

మూడు వందల ట్యూబాలు తెస్తామంటే స్థలం ఇచ్చేవాళ్లు మాత్రం ఊరికే ఒప్పుకుంటారా? ఫిలిప్స్ తనకు తెలిసిన పేరున్న సంగీతకారుల ఫోన్ నంబర్లు ఇచ్చి, నా గురించి వీళ్లని అడగండి అన్నారట. ఆ ఫోన్లయ్యాక అనుమతి వచ్చింది. రెజ్యూమె చివర 'రిఫరెన్సెస్' అని రాసి వదిలేస్తాం చూశారా, దాన్ని ఎలా వాడాలో ఇక్కడ కనిపిస్తుంది.

మొత్తానికి ఆ ఒక్క రోజు కచేరీ ఏటా జరిగే అలవాటైంది. ఊరూరా పాకింది. 2010లో ఫిలిప్స్ పోయారు, కచేరీ పోలేదు. ఇప్పుడు థాంక్స్‌గివింగ్ దాటగానే మొదలై క్రిస్మస్ వరకూ అమెరికాలోని ఎన్నో ఊళ్లలో, మాల్స్‌లో, పార్కుల్లో, చర్చిల్లో, హోటల్ లాబీల్లో జరుగుతుంది. 2018లో కాన్సాస్ సిటీలో ఒకేచోట 835 మంది కలిసి వాయించి గిన్నిస్ రికార్డు పెట్టారు.

రూల్స్ ఏంటంటే...

నన్ను ఆకట్టుకున్నది రికార్డు కాదు, రూల్స్. ఆడిషన్ లేదు. వయసు పరిమితి లేదు. సంగీతంలో డిగ్రీ అడగరు. ఆ రోజు పొద్దున్నే వెళ్లి పేరు నమోదు చేసుకోవాలి, చిన్న రుసుము కట్టాలి. పాటల పుస్తకం లేకపోతే అక్కడే కొనుక్కోవచ్చు. ఒకసారి కొంటే ఏటా అదే పుస్తకం. గంటో, రెండు గంటలో రిహార్సల్. ఆ సాయంత్రమే కచేరీ. సాధారణంగా చూడటానికి వచ్చేవాళ్లకి టికెట్ ఉండదు. చాలాచోట్ల వాళ్లని కూడా కలిసి పాడమంటారు.

పన్నెండేళ్ల స్కూలు పిల్ల పక్కన డెబ్బై ఏళ్ల తాతగారు కూర్చుంటారు. ఒకాయన ఆర్కెస్ట్రాలో జీతం తీసుకునే కళాకారుడు, పక్కనాయన ప్లంబర్. వాద్యాలకి రంగు దీపాలు చుడతారు, మెరుపు కాగితాలు అతికిస్తారు, శాంటా టోపీలు పెట్టుకుంటారు. అన్నిటికన్నా ముఖ్యమైంది ఇంకోటి ఉంది. ఏడాదంతా వెనక వరసలో 'భోం భోం' ఊదినవాళ్లకి ఆ రోజు పాట దొరుకుతుంది. ట్రంపెట్లు లేవు, వయొలిన్లు లేవు. పాట ఎత్తుకోవాల్సింది వాళ్లే.

'సెలక్షన్' అన్న మాట లేకపోతే స్థాయి పడిపోదా అని అడగొచ్చు. కచేరీ స్థాయి కొంచెం అటూ ఇటూ అవుతుంది, నిజమే. కానీ దాని ఉద్దేశం మంచివాళ్లని ఏరడం కాదు. ఏరివేతలో మిగిలినవాళ్లు కూడా వాయించేవాళ్లేనని గుర్తుచేయడం. ఏరివేత ఉద్యోగానికి కావాలి, కాదనను. ఒక్క కుర్చీ ఉన్నప్పుడు ఒక్కరినే తీసుకోగలరు. మనం దాన్నే బతుకంతటికీ అంటించేసుకుంటున్నాం. కోడింగ్ టెస్టులో పోతే కోడింగే రాదనుకుంటాం. మూడు ఇంటర్వ్యూలు పోతే నలుగురిలోకి వెళ్లడం మానేస్తాం.

61వ రోజున

నా స్నేహితుడొకడు స్కూలు బ్యాండులో యుఫోనియం వాయించేవాడు. ఆగస్టు 15 పరేడ్‌కి ముందు నెల రోజులు క్లాసులు ఎగ్గొట్టే అవకాశం వస్తుందని చేరాడు. ఇంజినీరింగ్‌లోకి రాగానే వదిలేశాడు. ఎంఎస్‌కి అమెరికా వెళ్లాక యూనివర్సిటీలో సంగీతం చదవనివాళ్లని కూడా చేర్చుకునే క్యాంపస్ బ్యాండు ఉందని తెలిసి మళ్లీ పట్టుకున్నాడు. అక్కడ వాద్యం వాళ్లే అరువిచ్చారు.

చదువైపోయింది, ఓపీటీ మొదలైంది. అమెరికాకి అప్లై చేస్తున్నవాళ్లకి తెలిసే ఉంటుంది. ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉన్న రోజులు మొత్తం కలిపి 90 దాటకూడదు. మావాడు గోడ మీద క్యాలెండర్‌లో రోజుకో గీత పెట్టేవాడు. డిసెంబర్‌కి లెక్క అరవై దాటింది. ఇంటికి ఫోన్ చేయడం తగ్గించాడు. తెలుగువాళ్ల పార్టీలకి వెళ్లడం మానేశాడు. 'ఏమైంది, ఎక్కడైనా వచ్చిందా?' అన్న ప్రశ్నకి భయపడి.

61వ రోజు శనివారం. ఊళ్లోని కమ్యూనిటీ బ్యాండు వాళ్ల దగ్గర యుఫోనియం అరువు తీసుకుని ట్యూబాక్రిస్మస్‌కి వెళ్లాడు. వాడిని అక్కడ అడిగిన ప్రశ్న ఒక్కటే: 'ఫస్ట్ పార్టా, సెకండ్ పార్టా?' వీసా సంగతి, కంపెనీ సంగతి ఎవరూ అడగలేదు. సెకండ్ అన్నాడు. కుర్చీ చూపించారు.

కచేరీ ఆరుబయట. చలి సున్నాకి దగ్గర్లో ఉంది. ఇంజినీరింగ్ చదివినవాళ్లకి ఇక్కడో సరదా లెక్క. గాలిలో ధ్వని వేగం 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సెకనుకి సుమారు 343 మీటర్లు, సున్నా దగ్గర 331. గొట్టంలో గాలి చల్లబడితే శ్రుతి దిగుతుంది. మన ఊపిరి వేడి కొంతవరకే కాపాడుతుంది. మావాడు మొదట్లో ఫోన్లో ట్యూనర్ యాప్ చూస్తూ శ్రుతి సరిచేసుకుంటుంటే పక్కనున్న పెద్దాయన యాప్ మూసేయమన్నాడట. ఇంతమందిమీ కలిసే కిందికి దిగాం, నువ్వొక్కడివే యాప్ ప్రకారం కరెక్ట్‌గా ఉంటే తేడాగా వినిపించేది నువ్వే, పక్కవాళ్లని విను అన్నాడట.

ఈ కచేరీ వల్ల వాడికి ఉద్యోగం రాలేదు. అది స్పష్టంగా చెప్పాలి. ఉద్యోగం తర్వాతి నెలలో మామూలు దారిలోనే, ఎప్పుడో పెట్టిన అప్లికేషన్‌కి వచ్చింది. కానీ ఆ శనివారం రాత్రి వాడు ఇంటికి ఫోన్ చేసి అరగంట మాట్లాడాడు. అరవై రోజుల్లో మొదటిసారి, చెప్పడానికి ఉద్యోగం కాని కబురు ఒకటి ఉంది వాడి దగ్గర.

'ఉద్యోగం లేదు కానీ బాకా ఒకటి!'

ఇంట్లో ఈ మాట అనేవాళ్లు ఉంటారు. వాళ్ల భయం అర్థం లేనిది కాదు. అప్పు చేసి పంపినవాళ్లు, పొలం అమ్మి చదివించినవాళ్లు అలా అంటే తప్పుపట్టలేం. కాబట్టి లెక్క చెబుదాం. ఒక రోజు. కొద్ది డాలర్లు. ముందు రెండు, మూడు వారాలు రోజూ అరగంట సాధన. జాబ్ పోర్టల్స్‌లో అదే పేజీని పదోసారి రిఫ్రెష్ చేసే టైమ్ కన్నా ఇది తక్కువే.

ఇంకో వాదన ఉంది. దీన్ని 'నెట్‌వర్కింగ్' అని అమ్మేవాళ్లది. అక్కడికెళ్తే రిఫరల్స్ దొరుకుతాయి, రెజ్యూమెలో 'లీడర్‌షిప్' అని రాసుకోవచ్చు అంటారు. దయచేసి అలా వెళ్లొద్దు. పక్కనున్నాయన పాట మధ్యలో ఉంటే మీరు రెజ్యూమె తీయడం బాగోదు. సొంత డబ్బా కొట్టుకోవడానికి లింక్డ్‌ఇన్ ఉంది. ఏడాదిలో ఒక్క రోజైనా డబ్బా పక్కన పెట్టి బాకా ఊదాలి. మనం చేసే ప్రతి పనినీ రెజ్యూమెకి పనికొస్తుందా అన్న ఒక్క తక్కెడలో తూయడమే ఈ నిరుద్యోగ కాలంలో మనల్ని ఎక్కువగా నలిపేస్తోందని నాకనిపిస్తుంది.

'క్రిస్మస్ పాటలు కదా, మనకెందుకు' అనేవాళ్లూ ఉంటారు. అది ఎవరి నమ్మకం వాళ్లది. ఇష్టం లేకపోతే వెళ్లక్కర్లేదు. కానీ మన ఊళ్లలో బ్యాండు మేళం వాళ్లని చూడండి. పెళ్లికి వాళ్లే, వినాయకుడి నిమజ్జనానికి వాళ్లే, క్రిస్మస్ ర్యాలీకీ వాళ్లే, ఉర్సుకీ వాళ్లే. వాళ్లకి అన్ని పాటలూ వచ్చు.

ఆ బ్యాండు వాళ్ల దగ్గర మనం నేర్చుకోవాల్సింది ఇంకోటి కూడా ఉంది. మూఢం వస్తే ముహూర్తాలుండవు. ధనుర్మాసంలోనూ పెళ్లిళ్లుండవు. ముహూర్తాలు లేవంటే సంపాదన పడిపోయినట్టే. అయినా వాద్యం అటక మీద పెట్టేయరు. కొత్త సినిమా పాటలు పట్టుకుంటారు, తోలు వాద్యాలు బిగించుకుంటారు. మూఢం ఎప్పటికైనా పోతుందని, పోయిన మర్నాడే తొలి ముహూర్తానికి వాయించాల్సి ఉంటుందని వాళ్లకి తెలుసు. ఆఫర్ లెటర్ రాని కాలం కూడా మూఢమే. దాన్ని జాతకం మొత్తం అనుకోకూడదు.

వెళ్లాలనుకుంటే ఇవి చూసుకోండి

ఈ ఏడాది అమెరికా వెళ్తున్నవాళ్లలో, ఇప్పటికే అక్కడున్నవాళ్లలో స్కూలు బ్యాండులోనో, ఎన్‌సీసీ బ్యాండులోనో, చర్చి బ్యాండులోనో ఈ వాద్యాలు వాయించినవాళ్లు ఉంటే వాళ్లకోసం కొన్ని మాటలు. చికాగో, డాలస్, కాన్సాస్ సిటీ లాంటి మనవాళ్లు ఎక్కువగా ఉన్న నగరాల్లో కూడా ఈ కచేరీలు జరుగుతుంటాయి. తేదీ, స్థలం ఏటా మారొచ్చు కాబట్టి నవంబర్‌లోనే చూసి పెట్టుకోండి.

వాద్యం కొనకండి. కొత్త ట్యూబా వేల డాలర్లు. ముందు మీ యూనివర్సిటీ సంగీత విభాగంలో అడగండి. క్యాంపస్ బ్యాండులో చేరితే చాలాచోట్ల వాద్యం అరువిస్తారు. లేదంటే ఊళ్లోని కమ్యూనిటీ బ్యాండుని అడగండి. ట్యూబా, యుఫోనియం, బారిటోన్, సౌసాఫోన్ ఉన్నవాళ్లకే సాధారణంగా పిలుపు. ట్రాంబోన్ వాయించేవాళ్లు ముందుగా నిర్వాహకుల్ని అడిగి వెళ్లడం మంచిది.

వదిలేసి ఏళ్లయితే వేళ్లకన్నా ముందు పెదాలు అలిసిపోతాయి. మొదటి వారం రోజుకి పదిహేను నిమిషాలు చాలు. పొడుగు స్వరాలు పట్టండి. తర్వాత అరగంటకి పెంచండి. నొటేషన్ మర్చిపోతే సెకండ్ పార్ట్ తీసుకోండి. అక్కడ ఎవరూ చిన్నచూపు చూడరు. ఒక చోట తప్పితే ఆగి, తర్వాతి లైన్‌లో కలవండి. వంద మందిలో అది ఎవరికీ వినపడదు.

మ్యూజిక్ స్టాండ్ తీసుకెళ్లండి. ఆరుబయట అయితే కాగితాలు ఎగిరిపోకుండా బట్టల క్లిప్పులు, చేతులకి వేళ్లు బయటికి ఉండే గ్లవ్స్. చలికి వాల్వులు బిగుసుకుపోతాయి, నూనె వేసుకుని వెళ్లండి. విద్యార్థి వీసా మీదున్నవాళ్లు అనుమతి లేని చోట జీతానికి పని చేయకూడదన్నది మీకు తెలిసిందే. ఇక్కడ ఆ గొడవే లేదు. డబ్బులు కట్టేది మీరే!

ఇక్కడే ఉన్నవాళ్ల సంగతి

అమెరికా వెళ్లనివాళ్లకి ఇందులో ఏముంది? రెండున్నాయి. మొదటిది కెరీర్ మాట. ఈ వాద్యాలకి మన దేశంలో జీతమిచ్చే చోట్లున్నాయి. సైన్యం, పోలీసు బ్యాండ్లలో వీటికి చోటుంది. వైమానిక దళం 'అగ్నివీర్ వాయు'లో మ్యుజీషియన్ల కోసం ప్రత్యేకంగా నోటిఫికేషన్లు ఇచ్చింది. వాటిలో పదో తరగతి చదువు సరిపోతుందన్నారు. వాద్యాల జాబితాలో యుఫోనియం, ట్యూబా కూడా ఉన్నాయి. వయసు పరిమితి తక్కువ కాబట్టి ఆసక్తి ఉన్నవాళ్లు తాజా నోటిఫికేషన్ వెంటనే చూసుకోవాలి. అక్కడ మాత్రం సెలక్షన్ ఉంటుంది, గట్టిగానే ఉంటుంది.

రెండోది, సెలక్షన్ లేని చోటు. అది మన దగ్గర తక్కువ. పాట పాడదామంటే టీవీ షో ఆడిషన్, క్విజ్ అంటే ప్రైజ్ మనీ, కోడింగ్ అంటే హ్యాకథాన్ ర్యాంకు. ఫిలిప్స్ చేసింది చూస్తే చోటు తయారుచేయడం అంత కష్టమేమీ కాదనిపిస్తుంది. ఒక తేదీ, ఒక స్థలం, అందరికీ తెలిసిన పది పాటలు, అందరి దగ్గరా ఒకే పుస్తకం, ముందు నిలబడి తాళం వేసే మనిషి ఒకరు. మీ ఊళ్లో పాత స్కూలు బ్యాండు వాళ్లు పది మంది ఉండే ఉంటారు. రిటైరైన బ్యాండు మాస్టారు ఒకరుంటారు. ఆయన పుట్టినరోజు ఎప్పుడో కనుక్కోండి. బ్యాండు కాకపోతే మృదంగం, తబలా, కోలాటం, ఏదైనా సరే. ఎంట్రీ ఫారంలో 'క్వాలిఫికేషన్' అన్న గడి మాత్రం పెట్టకండి.

రేపు పొద్దున మళ్లీ అప్లికేషన్లు పెట్టాల్సిందే, ఆప్టిట్యూడ్ లెక్కలు చేయాల్సిందే. దానికి అడ్డదారి లేదు. కాకపోతే ఈ వారం ఒక పని చేయండి. స్కూల్లోనో, ఇంటర్‌లోనో మీకు బాగా వచ్చి, 'ఉద్యోగం వచ్చాక చూద్దాంలే' అని పక్కన పెట్టినదాన్ని ఒక్క అరగంట బయటికి తీయండి. అది మీలాగే పక్కన పెట్టినవాళ్లు ఇంకో ముగ్గురు ఎక్కడున్నారో వెతకండి. నలుగురైతే చాలు, తేదీ పెట్టుకోవచ్చు.